దోపుకున్న దూరం

"కరిష్యే" అన్నాడు చిదంబరం, అవధానిగారు చెప్పించినట్టే. అని, కుడి అరచెయ్యి దోసిలిలా వంచి పట్టుకున్నాడు. సంకల్పం చెప్పుకున్నాక ఆ చేతిలో భార్య ఉద్ధరిణెతో నీళ్ళు వదలాలి. పెళ్ళయినప్పటి నుంచీ ప్రతి కార్తీకంలోనూ ఆ ఇంట్లో జరిగేదే.

నీళ్ళు పడలేదు.

పక్కన సౌదామిని ఉద్ధరిణె పట్టుకునే కూర్చుంది. అవధానిగారి ముఖం వంకే చూస్తోంది, శ్రద్ధగా వింటున్నట్టే ఉంది. చిదంబరం కాసేపు ఆగి, మరిచిపోయిందేమోననుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు వదిలింది. నీళ్ళు పీట మీద పడ్డాయి.

"అమ్మగారు ఇంకా ఆకాశంలోనే ఉన్నట్టున్నారు," అన్నారు అవధానిగారు. "శ్రీశైలానికి ఆగ్నేయంగా అని ఒంగోలు చిరునామా స్పష్టంగా చెప్పాం కదమ్మా. ఇక దిగిరండి!"

వచ్చినవాళ్ళందరూ నవ్వారు. నవ్వులు సద్దుమణిగి, ఆయన తరువాతి మంత్రం అందుకున్నాక, సౌదామిని నవ్వింది. ఒక్కతే. ఆ నవ్వు విని అవధానిగారు మంత్రం మధ్యలో ఆగి చూశారు.

వ్రతమయ్యాక వాళ్ళ కూతురు హంస, నాలుగో తరగతి పిల్ల, తండ్రి పంచె కొంగు పట్టుకు లాగింది. "నాన్నా, అమ్మతో చెమ్మచెక్క ఆడటం కుదరట్లేదు. నేను కొట్టేసి చేతులు తీసేశాక అమ్మ కొడుతోంది. ఆటకి అలా చేస్తోందా?"

"అలిసిపోయిందిలే తల్లీ," అన్నాడు చిదంబరం. అలిసిపోవడం అలా ఉంటుందా అని అతనికే అనిపించింది.

చిదంబరం డిగ్రీతో చదువు ఆపి తండ్రి పెట్టిన గానుగ నూనె దుకాణం చూసుకున్నాడు. మేనత్త కూతురు సౌదామిని విమానం నడపడం నేర్చుకుంది. మేనరికం కనుక పెళ్ళయింది గానీ, లేకపోతే ఆమె ఎక్కడ, తను ఎక్కడ అని అతను తరచు అనుకుంటూ ఉంటాడు. ఆమె తమ్ముడు చక్రధర్ శాస్త్రజ్ఞుడు. ఊరికి దూరంగా ఎర్రదిబ్బ మైదానంలో ప్రయోగాల కోసం కట్టిన విమానాశ్రయం అతని చేతిలోనే ఉంది. అక్కడ అతను చేస్తున్న పనేమిటో చిదంబరానికి తెలిసింది మూడేళ్ళ కిందట, ఒక ఆదివారం భోజనాల దగ్గర.

"శాంటియాగో అని చిలీ దేశంలో ఊరుంది. ఇక్కడినుంచి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో చెప్పు బావా," అన్నాడు చక్రధర్.

"నాకేం తెలుసురా? మద్రాసు వెళ్ళాలంటేనే నేను రెండు పూటలకి డబ్బా కట్టించుకుంటాను."

"భూమికి దాదాపు అవతలి పక్క. విమానాలు మారుతూ, కుర్చీల్లో కునుకుతూ, ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి. మా దారిన వెళితే నీ పొయ్యి మీద పప్పు ఉడికేలోపు దిగొచ్చు."

దండెం మీద ఆరేసిన చీర లాగి చేతిలో కుచ్చెళ్ళు పోశాడు. ఈ చెంగు ఒంగోలు, ఆ చెంగు శాంటియాగో అన్నాడు. మడతలన్నిటినీ కలిపి ఒక పిన్నీసు గుచ్చాడు. "చీమ గుడ్డంతా నడవక్కర్లేదు. పిన్నీసు వెంట పోతే చాలు. ఆ మడత వేసే యంత్రం కట్టాం."

చిదంబరం ఆ చీర వంక కాసేపు చూశాడు. "చీర పొట్టిదవలేదు కదరా. కుచ్చెళ్ళు పోసిన గుడ్డ ఎక్కడో ఒకచోట దోపాలి. అంత దూరాన్ని నువ్వెక్కడ దోపుతావు?"

చక్రధర్ విరగబడి నవ్వాడు. "అక్కా, మీ ఆయనకి చీర కట్టు మీద బాగానే పట్టున్నట్టుంది, కాస్త కనిపెట్టి ఉండు!"

సౌదామిని కూడా నవ్వింది. అప్పట్లో ఆమె నవ్వు అందరితో పాటే వచ్చేది.

ఆ యంత్రం పెట్టిన విమానాన్ని మొదట నడిపింది ఆమే. ఆరోజు చిదంబరాన్నీ హంసనూ పిలిచి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. విమానం మామూలుగానే లేచింది, మామూలుగానే చిన్నదైంది. ఒకచోట ఎండలో గాజుపెంకులా మెరిసి, లేకుండా పోయింది. చేతిలోని టీ చల్లారకముందే ఫోన్ మోగింది. శాంటియాగోలో దిగిపోయింది, అక్కడ చలిగా ఉందట. అందరూ చప్పట్లు కొట్టారు. చిదంబరం కళ్ళు మూసుకుని నరసింహస్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే, ఆ దూరం ఏమైంది స్వామీ అని కూడా అడిగాడు. దేవుణ్ణి అలా అడగొచ్చో లేదో అతనికి తెలియదు.

ఆ తరువాత ఆమె చాలాసార్లు వెళ్ళొచ్చింది. తేడా మెల్లగా వచ్చింది కాబట్టి ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. పిలిస్తే కొంచెం ఆగి పలికేది. ఏదో ఆలోచనలో ఉందనుకున్నారు. వీధిలో ఎవరైనా పలకరిస్తే, వాళ్ళు చిన్నబుచ్చుకుని రెండిళ్ళు దాటాక వెనక్కి తిరిగి "బాగున్నారా?" అనేది. గర్వం పెరిగిందన్నారు.

వ్రతమైన వారానికి వంటింట్లో కాలిన వాసన వచ్చి చిదంబరం పరుగెత్తాడు. సౌదామిని ఎడమ చెయ్యి వేడి పెనం మీద ఆనించి, కుడిచేత్తో పిండి సర్దుతోంది. ముఖంలో ఏ మార్పూ లేదు. అతను చెయ్యి లాగి కుళాయి కింద పెట్టాడు. ఆమె ఇంకా పెనమున్న వైపే చూస్తూ, ప్రశాంతంగా, లేని పెనం మీద లేని అట్టు తిప్పడానికి అట్లకాడ ఎత్తింది. ఆ తరువాత కెవ్వున అరిచింది. అప్పటికి అతను చేతికి వెన్న రాయడం కూడా అయిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెను పొయ్యి దగ్గరకు పోనివ్వలేదు. తెలిసిన ఇల్లు కనుక గోడ తడుముకుంటూ అలవాటు మీద తిరిగేది. ఏదైనా అడగాలంటే చిదంబరం ఎదురుగా కూర్చుని అడిగి, జపమాల తీసి తిప్పడం మొదలుపెట్టేవాడు. ఒక చుట్టు పూర్తయ్యేలోపు జవాబు వచ్చేది. విసుక్కుంటే ఆ విసుగు కూడా ఆమెకు తరువాతెప్పుడో చేరుతుందని, దానికి ఆమె తరువాతెప్పుడో బాధపడుతుందని తెలిసి, విసుక్కోవడం మానేశాడు.

డాక్టర్లు చూశారు. నరాలు బాగున్నాయన్నారు. చిదంబరం ఎర్రదిబ్బ వెళ్ళాడు.

రోజూలాగే విమానాశ్రయం కారులో అక్కడికి వెళ్ళిన సౌదామిని, భోజనాల హాల్లో తన విమానం వాళ్ళతో కూర్చుని ఉంది. వాళ్ళూ ఆమెతో పాటే ఆ దారిన తిరిగినవాళ్ళు. ఒకరు ఏదో అన్నారు, ఆమె టక్కున ఎదురు జవాబిచ్చింది, బల్లంతా ఒక్కసారి గొల్లుమంది. చిదంబరం గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమెను అంత చురుగ్గా చూసి ఎన్నాళ్ళయిందో! సంతోషించాలో భయపడాలో తెలియలేదు. "సౌదా!" అని పిలిచాడు. బల్ల దగ్గర ఒక్కరూ తలెత్తలేదు.

చక్రధర్ అతన్ని తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాడు.

"నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు చిదంబరం.

"తెలుసు. విమానంలో ఏ పరికరం చూపించదు బావా, ఎందుకంటే అవి కూడా వాళ్ళతోనే పోయొస్తాయి. నేల మీద కొలిస్తేనే తెలుస్తుంది. మేం మడిచిన దూరం ఎక్కడికీ పోలేదు. ఆ దారిన పోయినవాళ్ళకీ మనకీ మధ్య వచ్చి కూర్చుంది. అక్క నీ పక్కనే ఉన్నా నీ మాట అంత దూరమూ నడిచి వెళ్ళాలి, ఆమె మాట అంత దూరమూ నడిచి రావాలి."

"తెలిసి కూడా పంపావా?"

"వెళ్ళేటప్పుడు పడ్డ తేడా వచ్చేటప్పుడు చెల్లిపోతుందనుకున్నాం. బయల్దేరినచోటికే వస్తే మొత్తం సున్నా అవ్వాలి కదా!"

"ఒంగోల్లో ఆటోవాడు కూడా పోను రాను విడివిడిగానే అడుగుతాడురా."

ఈసారి చక్రధర్ నవ్వలేదు. "ఇప్పుడు ఆపడం నా చేతిలో లేదు. వచ్చే నెల పెద్ద విమానం పోతోంది, ప్రయాణికులతో. జనానికి నమ్మకం కుదరాలని మొదటిసారి మా సిబ్బంది కుటుంబాల్నే ఎక్కిస్తున్నారు. హంసకీ సీటుంది. పెద్ద విమానానికి మడత ఇంకా లోతుగా వెయ్యాలి. ఎంత తేడా పడుతుందో ఇంకా తెలీదు."

"దీనికి విరుగుడు?"

"పైవాళ్ళు ఒకటి చెబుతున్నారు." చక్రధర్ కిటికీ వంక తిరిగాడు. "అందరూ ఎక్కితే ఎవరికీ ఎవరూ దూరం కారంటున్నారు. ఊరంతా, దేశమంతా. అప్పుడు వెనక ఉండిపోయినవాడిదే లోపం."

"నువ్వు ఎక్కావా?"

చక్రధర్‌కీ చిదంబరానికీ మధ్య ఏ దూరమూ లేదు, అయినా ఆ జవాబు రాలేదు.

ఇంటికి తెచ్చాక చిదంబరం భార్యను అడిగాడు, ఇక వెళ్ళడం మానెయ్యకూడదా అని. అడిగి మాల తిప్పుతూ కూర్చున్నాడు. దేవుడి గదిలో దీపం నిలకడగా వెలుగుతోంది. ఆమెకు కనిపిస్తున్నది ఏ దీపం, ఇదేనా, ఇంతకుముందు గాలికి రెపరెపలాడినదా అనుకున్నాడు. మాల చివరకొస్తుండగా ఆమె మాట్లాడింది.

"అక్కడ నేను మాట్లాడితే వెంటనే పలుకుతారు బావా. ఇక్కడ నూతిలోకి మాట్లాడినట్టుంటుంది. నువ్వు ఎదురుగా ఉంటావు, పెదవులు కదుపుతావు, అది ఎప్పటిదో తెలీదు. నేను చెయ్యి చాపేసరికి లేచిపోయి ఉంటావు. మానేసి ఇక్కడ కూర్చుంటే నేను ఎవరితో ఉన్నట్టు?"

అతను ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు, ఆ చెయ్యి తన చేతిని తిరిగి పట్టుకునేదాకా.

హంస మాత్రం ఒకటే పట్టు. "నేను అమ్మతో విమానం ఎక్కుతా. అమ్మ వాళ్ళతో అయితే చక్కగా మాట్లాడుతుందట. మామయ్య చెప్పాడు."

"అమ్మ చాలాసార్లు వెళ్ళిందే పిచ్చితల్లీ. నువ్వు ఒక్కసారి వెళితే అమ్మ దగ్గరికి చేరలేవు, మళ్ళీ నా దగ్గరికీ చేరలేవు. నడిమధ్యలో ఉండిపోతావు."

"అయితే అమ్మంతసార్లు వెళతా."

ఆ మాటకు అతను పిల్లను దగ్గరికి లాక్కున్నాడు. కానీ పిల్ల అలా ఏడుస్తుంటే, తల్లి కోసమే ఏడుస్తుంటే, కాదనే హక్కు తనకొక్కడికే ఉందా అన్న సందేహం కూడా పట్టుకుంది. అక్కడ ఎలా ఉంటుందో తెలిసింది సౌదామినికే. చివరికి అన్నాడు, "అమ్మ ఏం చెబితే అది చేద్దాం. సరేనా?" హంస కళ్ళు తుడుచుకుంది. కానీ సౌదామిని అప్పటికే ఎర్రదిబ్బలో ఉంది. ప్రయాణానికి ముందు వారమంతా సిబ్బందిని అక్కడే ఉంచేశారు.

ప్రయాణం రోజు ఉదయం చిదంబరం స్నానం చేసి, దీపం పెట్టి, పులిహోర కలిపించి స్టీలు డబ్బాలో సర్దించి, హంసను తీసుకుని బయల్దేరాడు. విమానాశ్రయం పెళ్ళిపందిరిలా ఉంది. బంతిపూల తోరణాలు, కెమెరాలు, వేదిక మీద ఉపన్యాసాలు. కుటుంబాలు కూర్చునే హాల్లో, కిటికీ పక్కన, సౌదామిని యూనిఫారంలో కూర్చుని ఉంది. ఇద్దరు ఆడపిల్లలు చెరో పక్క నిలబడి ఉన్నారు, అవసరమైతే చెయ్యి పట్టుకు నడిపించడానికి.

హంస పరుగెత్తి ఒళ్ళో వాలిపోయింది. సౌదామిని ఇంకా గుమ్మం వైపే ఆశగా చూస్తోంది. ఆ గుమ్మంలో ఎవరూ లేరు.

చిదంబరం వంగి, చెవి దగ్గర అన్నాడు. "సౌదా, పులిహోర కూడా తెచ్చాను. లోపలికి పంపించనా?"

మైకు గోల. ఎవరో మంత్రిగారు మాట్లాడుతున్నారు. చిదంబరం కొంతసేపు నిలబడ్డాడు. జవాబు వచ్చినా ఈ గోలలో వినపడదనుకుని, పక్కనున్న ఆడపిల్లల్లో ఒకరికి డబ్బా అందించి ఆ సంగతి మరిచిపోయాడు. ఆ తరువాత దండలు, ఫోటోలు. కుటుంబాల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తున్నారు. పిల్లలు చిన్న జెండాలు ఊపుకుంటూ గేటు దాటుతున్నారు. వాళ్ళ వెనకే సిబ్బందినీ పంపుతున్నారు. సౌదామినిని ఆ ఇద్దరూ లేపి గేటు దాకా తెచ్చారు.

హంస రెండు చేతులతో తండ్రి చెయ్యి పట్టుకుంది. "అడుగు నాన్నా. అమ్మని అడుగుతానన్నావుగా!"

చిదంబరం భార్య ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు. "సౌదా, హంసని నీతో పంపించనా? నీకు తెలుసు. నువ్వు చెప్పు."

అని జపమాల తీశాడు. గేటు దగ్గరివాళ్ళు తొందరపెడుతున్నారు. "ఒక్క నిమిషం బాబూ," అంటూ పూసలు తిప్పాడు. ఆమె అతని భుజం మీదుగా ఎటో చూస్తోంది. ముఖం నిండా సంతోషం. ఆ సంతోషం ఏ క్షణానిదో అతనికి తట్టలేదు. పెదవుల మీద స్వామి పేరు, మనసులో ఒకటే కోరిక, వద్దనాలి, వద్దనాలి, వద్దను సౌదా.

మాల చివరి పూసల దగ్గరకొచ్చింది. సౌదామిని నవ్వింది.

"దాన్ని కూడా పంపించు బావా. మావాళ్ళంతా సంతోషిస్తారు."

హంస గెంతింది. చిదంబరం మాటిచ్చాడు, అడిగాడు, జవాబు చెవులారా విన్నాడు. పిల్ల నుదుటి మీద తన బొట్టులోంచి కొంచెం కుంకుమ తీసి పెట్టాడు. దాని చేతిని విడిపించి ఆ అమ్మాయిల చేతిలో పెట్టాడు. హంస వెనక్కి తిరిగి చూసింది, ఒకసారి జెండా ఊపింది, లోపలికి వెళ్ళింది. గేటు మూశారు.

అద్దాల గదిలో చక్రధర్ తెర ముందు నిలబడి ఉన్నాడు. కాక్‌పిట్ మైకు నుంచి వచ్చే స్పీకరు చిన్నగా గురగురలాడుతోంది. సౌదామినికి నేల మీదివాళ్ళతో మాట్లాడే పని తీసేశారు, దారంతా విమానంలోని యంత్రమే చూసుకుంటుంది. స్పీకరు ఊరికే తెరిచి ఉంది.

"పాప ఏది బావా?" అన్నాడు చక్రధర్.

"విమానంలో ఉంది. అడిగాను. పంపించమంది."

"అక్కా?" చక్రధర్ నమ్మలేనట్టు చూశాడు. "నిన్న మాతో అలా అనలేదే. ఎప్పుడు అడిగావు?"

"ఇందాకే, గేటు దగ్గర. మాల ఒక చుట్టు తిప్పాను. ఎప్పటిలాగే."

చక్రధర్ తెర వదిలేసి దగ్గరికొచ్చాడు. "బావా, రిహార్సలని ఈ వారం అక్క రోజూ పోయొచ్చింది. పెద్ద విమానంలో. నీకెవరూ చెప్పలేదా? మాల ఒక చుట్టు ఎప్పుడో దాటిపోయింది. గేటు దగ్గర నువ్వు అడిగిన మాట అక్కకి ఇంకా చేరే ఉండదు. అంతకుముందు... అంతకుముందు ఇంకేదైనా అడిగావా?"

చిదంబరం నోరు తెరిచాడు. డబ్బా. పులిహోర డబ్బా. దాన్ని కూడా.

అతను గాజు తలుపు వైపు పరుగెత్తాడు. రన్‌వే చివర విమానం అప్పటికే లేచింది. తెర మీద చుక్క పైకి పాకింది. ఎండలో పెద్ద మెరుపు మెరిసింది, ఆకాశం పగిలి అతుక్కున్నట్టు. తెర మీద చుక్క లేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. "శాంటియాగో! దిగిపోయారు! అందరూ క్షేమం!" అని ఎవరో అరిచారు. గదంతా చప్పట్లతో, కౌగిలింతలతో నిండిపోయింది. ఎవరో చిదంబరం నోట్లో లడ్డూ పెట్టబోయారు.

ఆ హోరు అడుగున స్పీకరు గురగుర ఆగింది. సౌదామిని గొంతు వచ్చింది, మెల్లగా, పక్క కుర్చీలోంచి మాట్లాడినంత దగ్గరగా.

"హంసనా? వద్దు బావా. దాన్ని మాత్రం పంపించొద్దు. నేనొక్కదాన్ని చాలు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చక్రధర్ స్పీకరు కట్టెయ్యబోయాడు. చిదంబరం అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడుస్తుంది, ఏడవనీ," అంది ఆ గొంతు. "ఎత్తుకుని ఇంటికి తీసుకుపో. గేటు మూసేదాకా దాని చెయ్యి వదలకు బావా, గట్టిగా పట్టుకో."